పెంపుడు జంతువులకు అనుమతి లేదు, మా మేకకు తప్ప

శంషాబాద్‌లో మా మేడ మీద ఉన్న రెండు గదులను విమానం ఎక్కబోయేవాళ్లకు ఒకటి రెండు రోజుల కోసం కిరాయికి ఇస్తుంటాం. ఫోన్‌లోనే బుక్ చేసుకుంటారు. మొదట్లో జంతువుల సంగతి మేం ఆలోచించనే లేదు. ఒకరి కుక్కపిల్ల కొత్త పరుపు చింపి దూదంతా గది నిండా పరిచాక, ‘పెంపుడు జంతువులకు అనుమతి లేదు’ అని ప్రకటనలో చేర్చాను.

ఆ తరువాత ఒక సాయంత్రం ఒక పెద్దమనిషి మా గేటు ముందు కిరాయి కారు ఆపాడు. ఉద్యోగం బదిలీ అయి గుంటూరు నుంచి పుణె వెళ్తున్నాడు. వెనక సీటులోంచి ఒక ముసలి కుక్క నెమ్మదిగా దిగింది.

“కుక్క ఉన్నదని ముందుగాల చెప్పలే కద సార్,” అన్నాను.

“చెబితే ఎవరూ గది ఇవ్వడం లేదండీ. రేపు మధ్యాహ్నమే విమానం. దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.”

“మా రూలు అందరికీ ఒక్కటే సార్. ఒకరికి వద్దని ఇంకొకరికి ఎట్ల ఇస్తం?”

నేనా మాట అంటుండగానే మా మేక మేడ మెట్లు దిగి వచ్చింది. అత్తమ్మ సీసాతో పాలు పట్టి పెంచిన మేక అది. ఇంట్లో అది తిరగని చోటు లేదు. కుక్కను చూసి కొమ్ములు వంచింది. కుక్క వెళ్లి యజమాని కాళ్ల వెనక దాక్కుంది.

ఆయన మేకను చూసి, కోపం లేకుండానే అడిగాడు. “మరి దీనికి అనుమతి ఉందాండీ?”

వరండాలో కూర్చున్న అత్తమ్మ నవ్వింది. “సారు అడిగింది సక్కగనే ఉన్నది. చెప్పు బిడ్డా.”

నేను మేకను పక్కకు లాగాను. అయితే ఇంకో చిక్కు ఉంది. మేడ మీద ఒక గదిలో అప్పటికే ఒక కుటుంబం దిగింది. వాళ్ల చిన్నపాపను ఒకసారి వీధికుక్క కరిచిందట. కుక్కలు ఉండవు కదా అని తల్లి ఫోన్ చేసి అడిగి మరీ గది తీసుకుంది. ఆ మాటే ఆయనకు చెప్పాను.

“అయితే మీరు మాట తప్పకూడదండీ. నేను వేరే చోటు చూసుకుంటాను,” అన్నాడాయన. కుక్కకు సీటు ఎక్కే శక్తి లేదు. ముందు కాళ్లు ఎత్తి పెట్టి, తరువాత వెనక కాళ్లు పట్టుకున్నాడు. అది చూస్తూ నిలబడలేకపోయాను.

“ఆగుండ్రి సార్. కింద ఒక గది ఉన్నది.”

అత్తమ్మ పగలు నడుం వాల్చే గది అది. మా ఆయన బియ్యం బస్తాలు జరిపి మంచం వేశాడు. నేను పైకి వెళ్లి పాప తల్లిని అడిగాను.

“కిందనే ఉంటే మాకేం పరేషాన్ లేదక్కా,” అంది ఆమె.

ఆ రాత్రి కుక్క ఒక్కసారి కూడా మొరగలేదు.

పొద్దున ఆయన వరండాలో మా ఆయనతో కలిసి టీ తాగుతుంటే, తెరిచి ఉన్న తలుపులోంచి మేక గదిలోకి దూరింది. నేను వెళ్లేసరికి దాని నోట్లో ఒక కాగితం కొస మాత్రమే మిగిలి ఉంది. కుక్క ప్రయాణం చేయొచ్చని పశువుల డాక్టరు రాసిచ్చిన కాగితమది.

“అది లేకపోతే విమానంలోకి తీసుకోరండీ,” అని ఆయన మంచం మీద కూలబడ్డాడు.

అతిథి జంతువు ఏదైనా పాడుచేస్తే ఎవరు భరించాలో నాకు బాగా తెలుసు. మా జంతువే అతిథి వస్తువు తినేస్తే ఏం చేయాలన్నది నాకెప్పుడూ తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

“ఇగ కూసుంటే ఎట్ల? దవాఖానకు తీస్కపో,” అంది అత్తమ్మ.

దారి చూపడానికి నేనూ కారెక్కాను. పశువుల దవాఖానలో డాక్టరమ్మ పాత కాగితం ఏమైందని అడిగింది.

“మా మేక తిన్నది మేడం.”

ఆమె కలం కింద పెట్టి కాసేపు నవ్వింది. తరువాత కుక్క చెవులు, పళ్లు, గుండె అన్నీ ఓపిగ్గా చూసింది. టీకాల ఫోటోలు ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి. కొత్త కాగితం రాసిచ్చింది.

కిరాయి వద్దంటే ఆయన వినలేదు. అత్తమ్మ సర్వపిండి మూటకట్టి చేతిలో పెట్టి, “దారిల తినుండ్రి,” అంది. సాయంత్రానికి పుణె నుంచి ఫోటో వచ్చింది. ఖాళీ గదిలో సామాను పెట్టెల మధ్య కుక్క వెల్లకిలా పడుకుని ఉంది.

ప్రకటన మళ్లీ రాశాను. మేడ మీదికి ఏ జంతువూ రాదు, మా మేకతో సహా. ముందుగా చెబితే కింది గదిలో ఉండొచ్చు. వాకిట్లో మేక ఉంది, కాగితాలు జాగ్రత్త. మెట్ల మొదట్లో చిన్న గేటు కూడా పెట్టించాం.

“గింత పొడుగు రాస్తే ఎవలొస్తరు?” అన్నాడు మా ఆయన.

వచ్చారు. బడంగ్‌పేట్‌లో ఇంటికి రంగులు వేయిస్తున్న ఒక జంట పిల్లితో వచ్చింది. షాద్‌నగర్ నుంచి ఒకామె కుందేళ్లు తెచ్చింది. పగటి నిద్రకు చోటు పోయిందని అత్తమ్మ సణుగుతుంది గానీ, పొద్దున లేవగానే అడిగేది మాత్రం ఒక్కటే.

“ఇయాల ఎవలొస్తున్నరు? ఉత్త మనుషులేనా?”