లాక్కున్న బెల్లం ముక్క

ఆ రోజు నేను ఒక మనిషి చేతిలోంచి బెల్లం ముక్క లాక్కున్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

అతను హోసూరులో కృష్ణగిరి బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. నా ఈడువాడే. మస్కట్‌లో వంటపని చేసి వచ్చాడట. తనకు షుగరని, పొద్దున ఇన్సులిన్ వేసుకొని ఏమీ తినకుండానే బయల్దేరానని చెప్పాడు. శూలగిరి దాటాక అతనికి చొక్కా తడిసేలా చెమటలు పట్టాయి. వణికే చేత్తో సంచిలోంచి బెల్లం తీశాడు.

"షుగర్ పెట్టుకొని బెల్లం తింటావా అప్పా? సస్తావు" అని లాగేసుకున్నాను. ఇంట్లో షుగరుకు ఇన్సులిన్ వేసుకునే మా అమ్మ దగ్గరా నాది ఇదే కాపలా.

అతను గొడవ పడలేదు. "ఆడ నాకు ఇట్లే అయితే, మన బాస రాని అరబ్బోడు నోట్లో చక్కెర నీళ్లు పోసినాడు. ఈడ మనోడివే, నువ్వు లాక్కుంటివి" అన్నాడు ముద్దముద్దగా. అంటూనే నా భుజం మీదికి ఒరిగిపోయాడు.

కృష్ణగిరి ఆసుపత్రిలో డాక్టరు, షుగర్ పెరిగి కాదు, బాగా పడిపోయి ఇలా అయిందని, తీసుకురావడం ఆలస్యమైందని చెప్పాడు. అతని వాళ్లు వచ్చేదాకా ఉండే ధైర్యం చాలక వచ్చేశాను.

ఇంటికి రాగానే, అమ్మకు అందకుండా అటక మీద దాచిన చక్కెర డబ్బా దించి ఆమె తలగడ పక్కన పెట్టాను.

"ఏమప్పా, నన్ను సంపేస్తావా?" అని నవ్వింది అమ్మ.

చెమటలు పట్టి చేతులు వణికితే నన్ను అడగకుండా తినమన్నాను.