పట్టాలు తీసేశాక నడిచిన బండి

కోనసీమకి రైలు లేదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గోదావరికి అవతల గట్టున కోటిపల్లి స్టేషను ఉండేది. ఇవతల ముక్తేశ్వరం రేవుకి దగ్గర్లో, కొబ్బరితోటల మధ్య మా ఇల్లు. అమలాపురం వైపు నుంచి కాకినాడ వెళ్లేవాళ్లంతా మా గట్టు మీంచే నడిచి, పడవెక్కి, అవతల ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ పోయి రైలెక్కేవారు. నదికి అవతల ఉన్నంత మాత్రాన మాది కాకుండా పోతుందా?

ఆ స్టేషను నాకు పూర్తిగా గుర్తుందని చెప్పలేను. అప్పటికి నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. ఎర్ర పెంకుల కప్పు గుర్తుంది. తడిసిన బొగ్గు వాసన గుర్తుంది. ప్లాట్‌ఫారం మీద అరటిగెలలు, వాటి పక్కనే గెలల కంటే బద్ధకంగా పడుకున్న మనుషులు. లైను అక్కడితో ఆఖరు. ఆపైన గోదావరే. ఇంజను నెమ్మదిగా వచ్చి ఆగితే, ఎండలో తిరిగి తిరిగి నీళ్లకి దిగిన గేదెలా ఉండేది. దాని పొగ ఏటిగాలికి పక్కకి ఒరిగి నీళ్ల మీద పాకుతూ మా వైపు వచ్చేది. మధ్యలో ఎక్కడో కరిగిపోయేది. ఒక్కోసారి కలలో పట్టాలు గోదావరి మీంచి సాగి మా పెరట్లోకి వచ్చేస్తాయి. లేచాక ఏది కలో, ఏది నిజంగా చూసిందో తేల్చుకోవడానికి కాస్త టైము పడుతుంది. ఈ వయసులో తేల్చుకుని చేసేదేముంది, అందుకని రెండూ ఉంచేసుకున్నాను.

అసలు ఆ రైలు మా మామ్మది. మామ్మంటే నాన్నగారి అమ్మ. నేను పుట్టకముందే ఆవిడకి చూపు పోయింది. రైలు ఎక్కడం మాట అటుంచి, దగ్గరగా వెళ్లింది కూడా లేదు. కానీ రోజంతా దాని కూతని పట్టుకునే నడిచేది. పొద్దుటి బండి కూత పెడితే స్తంభానికి తాడు కట్టి కవ్వం తిప్పేది. మధ్యాహ్నం బండికి స్నానం. సాయంత్రం బండి కూత నీళ్ల మీంచి వినబడగానే తడుముకుంటూ లేచి, తన చేత్తో తనే దీపం వెలిగించేది. ఇంట్లో గోడగడియారం ఒకటి ఉండేది. అది దాని ఇష్టం వచ్చినప్పుడు నడిచేది. అందుకని అమలాపురం పనిమీద బయల్దేరేముందు నాన్నగారు కూడా ఆవిడనే అడిగేవారు, వేళెంతైందమ్మా అని. ఊళ్లో ఎవరింట్లోనైనా చూపులేని మనిషిని వేళ అడుగుతారా? మా ఇంట్లో అడిగేవారు. అది ఆవిడ దర్జా.

యుద్ధం వచ్చింది. ఇనుము కావాలన్నారు. కూలీలు వచ్చి పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. ఏ దేశం వెళ్లాయో మాకెవరూ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఊరంతా ప్రయాణాల గురించి గోలపెట్టింది. మామ్మ గురించి ఎవరికీ తట్టలేదు. మొదట్లో ఆవిడ ఎవరి మాటల్ని బట్టో, ఎండ వేడిని బట్టో నెట్టుకొచ్చింది. ముసురు పట్టిన ఒక రోజున భోజనాలయ్యాక కునుకు తీసి లేచి, మర్నాడు తెల్లారిందనుకుని, కవ్వం ముందు కూచుని, పెరుగుకుండ పెట్టలేదేమని మా అమ్మని కేకలేసింది. అరుగు మీద కబుర్లకి వచ్చిన ఆడవాళ్లు నవ్వేశారు. చెడ్డవాళ్లేం కాదు, నవ్వొచ్చి నవ్వారు. నాకు మాత్రం వాళ్ల జడలు పట్టుకు లాగాలనిపించింది. మామ్మ తాడు చుట్టేసి గోడకి చేరగిలబడింది.

"పొద్దో మాపో తెలీని ముసల్దాన్నయిపోయేను," అంది.

ఇంక ఆ రోజు నుంచి దేనిమీదా చెయ్యి వెయ్యలేదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. మా అమ్మ పాపం నెమ్మదస్తురాలు. "మీరు కూచోండి అత్తయ్యగారూ, నేను చూసుకుంటాను కదండీ," అని పనులన్నీ తనే అందుకుంది. ఆ మంచితనం మామ్మని ఇంకా కుంగదీసింది. వేళ అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు. మనిషి కళ్లముందే చిన్నదైపోతోంటే, ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.

తాతయ్యకి ఆ రైలంటే మొదటినుంచీ పడదు. దాని కూతకి కొబ్బరిపిందెలు రాలిపోతున్నాయని వాదించేవాడు. మామ్మతో ఆయన మాట్లాడే మాటలు కూడా రోజుకి నాలుగైదు, అందులో రెండు విసుగు. అలాంటి మనిషి ఒక పొద్దున్న గట్టు మీంచి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, ఎవరితోనూ కానట్టు అన్నాడు:

"పొద్దుటి బండి వెళ్లిపోయింది."

అమ్మ చేతిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్నగారు పేపరు దించారు.  మామ్మ గోడ పట్టుకుని లేచి, "కవ్వం ఎక్కడ పెట్టేవమ్మా?" అని మా అమ్మని అడిగింది.

అప్పట్నించీ మూడు పూటలా తాతయ్య గట్టెక్కి పొద్దు చూసి రావడం, బండి మాట చెప్పడం. తను ఆలస్యంగా వస్తే బండి ఆలస్యమైందనేవాడు. మామ్మ ఊరుకునేది కాదు.

"ఎవరైనా దిగేరాండీ?" అని అడిగేది.

ఆయన రేవులో పడవ దిగినవాళ్లని తెచ్చి రైల్లో ఎక్కించేవాడు. కాకినాడ నుంచి ఎండుచేపల బుట్టలు వచ్చాయనీ, వాసనకి పెట్టెలో సగంమంది దిగి నడిచారనీ చెప్పేవాడు. మురమళ్ళ పెళ్లివారు తాళం వేసిన ట్రంకుపెట్టెని తాళంచెవి లేకుండా తెచ్చారని చెప్పేవాడు. ఇంత మాటకారి అన్నేళ్లూ ఎక్కడ దాక్కున్నాడో! బియ్యం కరువులో కూడా మా ఇంటి బండి మానలేదు. స్వతంత్రం వచ్చిన రోజున ఇంజనుకి మామిడి తోరణాలు కట్టారట. డ్రైవరు ఆగకుండా కూత పెడుతూనే ఉన్నాడట. మామ్మ ఆ పూట చాలాసేపు నవ్వుకుంది.

ఒకసారి నన్ను తీసుకుని తాతయ్య అవతలి ఒడ్డుకి బయల్దేరాడు. పడవవాడు గెడ ఆపి చూశాడు.

"ఎక్కడికండీ తాతగారూ?"

"స్టేషనుకి."

"ఇంకెక్కడి స్టేషనండీ బాబూ, పట్టాలట్టుకుపోయేరు కదండీ!"

"పట్టాలు పోయేయి గానీ స్టేషను పోలేదోయ్. పోనీ."

"ఆయ్," అని వాడు గెడ వేశాడు.

స్టేషను ఉంది. తలుపులు లేవు. ప్లాట్‌ఫారం నిండా ఎవరో మిరపకాయలు ఎండబోశారు. పట్టాలుండే చోట కంకరరాళ్ల మధ్య గడ్డి మొలిచి, కనిపించినంత దూరం ఒక పచ్చటి గీత కాకినాడ వైపు పోతోంది. మేమిద్దరం అంచు మీద కాళ్లు వేలాడేసుకుని కూచున్నాం. ఏటిగాలి వీస్తోంది. ఎండ మెత్తబడింది. మిరపఘాటుకి నా కళ్లలో నీళ్లు తిరిగి, ఆ పచ్చగీత, ఆ చెట్లు అన్నీ కదిలి వస్తున్నట్టయ్యాయి. నాకు కూత వినబడింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

"మామ్మకి తెలీదా తాతయ్యా, బండి లేదని?" అన్నాను.

"తెలిస్తే నన్ను అడుగుతుంది కదే అమ్మడూ."

"అడగలేదంటే తెలీదనా?"

ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. నీడ చూసుకుని, "వేళైంది, పద. మీ మామ్మ దీపం పెట్టాలి," అన్నాడు.

ఆ తరవాత ఆ స్టేషను కూడా కొంచెం కొంచెంగా పోయింది. పెంకులు ఎవరింటి మీదికో చేరాయి. పెద్ద వరద వచ్చి వెళ్లాక నేను చూస్తే, ఎక్కడ కూచున్నామో ఆనవాలు పట్టలేకపోయాను. ఈ మధ్య మళ్లీ రైలు వేశారు, కొత్త స్టేషను కట్టారు. పిల్లలు చూపిస్తామంటే నేను రానన్నాను.

నేను పురిటికి పుట్టింటికి వచ్చేసరికి తాతయ్య మంచంలో ఉన్నాడు. గట్టు దాకా నడవలేడు. అయినా మంచంలోంచే చెప్పేవాడు, కిటికీలో ఎండ చూసి, బండి వెళ్లిందనో వచ్చిందనో. మాట ముద్దగా వచ్చేది. మామ్మ వెంటనే పట్టుకునేది. మేమెవరం వేళ చెప్పబోయినా వినేది కాదు.

ఒక పొద్దున్న మామ్మ చల్ల చిలికి, వెన్న తీసి, ఇంకా పీట మీదే ఉంది. తాతయ్య చిన్న నిద్ర పట్టి ఉలిక్కిపడి లేచాడు.

"సాయంత్రం బండి వచ్చేసింది," అన్నాడు, గాబరాగా. "ఇల్లంతా చీకటిగా ఉందేవిటి?"

వాకిట్లో ఎండ తెల్లగా కాస్తోంది. అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. మామ్మ పీట మీంచి లేచింది. గోడ పట్టుకుని గూటి దగ్గరికి వెళ్లి అగ్గిపెట్టె కోసం తడిమింది.

"అత్తయ్యగారూ," అమ్మ గొంతు తగ్గించి అంది, "ఇంకా పొద్దుటేనండీ."

"తెలుసమ్మా. వెన్న తీసిన చెయ్యి ఇంకా జిడ్డుగానే ఉంది."

"మరి..."

"పట్టాలు పట్టుకుపోయేరనీ తెలుసు. ఆ రోజే తెలుసు." పుల్ల గీసింది. మొదటిది ఆరిపోయింది. రెండోది గీసింది. "ఆయన బండి వచ్చిందన్నారు. దీపం పెట్టొద్దూ?"

నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంత ఎండలో ఆ దీపం వెలిగిందో లేదో కూడా సరిగ్గా కనబడలేదు. తాతయ్య మాత్రం అటే చూసి నెమ్మదించాడు.

"ఎవరైనా దిగేరా?" అని అడిగాడు.

"దిగేరండీ," అంది మామ్మ. మంచం పట్టె మీద కూచుని, ఎవరెవరు దిగారో, ఏం తెచ్చుకున్నారో, ఒక్కొక్కటే ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది.