ఎబినేజర్ ఎక్కిన మీనార్లు

ఎబినేజర్‌కి ఎత్తంటే భయం. ఎత్తైన కట్టడాలంటే ప్రాణం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరికీ అంతుపట్టలేదు. ఆయనతో ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేసిన రూతుకి అసలే అంతుపట్టలేదు.

భయమంటే అలాంటిలాంటి భయం కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైలుపెట్టెల కింద గుంటలోకి దిగి బ్రేకులు చూసిన మనిషి. "ఎంత లోతుకైనా దిగమను, దిగుతాను. జానెడెత్తు ఎక్కమనకు" అనేవాడు. ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలెక్కేది రూతు. స్టూలు పట్టుకునేది ఆయన, అదీ కళ్ళు మూసుకుని.

"ఎక్కింది నేను గదా! మీకేటండీ కళ్ళు తిరగడం?"

"నువ్వెక్కితే నేనెక్కినట్టే గదే! మాటాడకు, ఊగుతున్నాది."

ఒక క్రిస్మస్‌కి కాలనీ దగ్గరి తాల్‌బగీచాలో చర్చి గుమ్మానికి నక్షత్రం కట్టించే బాధ్యత ఆయన మీద పడింది. నిచ్చెనెక్కింది ఆయన స్నేహితుడు సిరిల్. కింద నిలబడి పైకి చూస్తేనే ఎబినేజర్‌కి చెమటలు. "ఇంకొంచెం కిందకి సిరిలూ. పడిపోతావురా. ఇంకొంచెం." చివరికి నక్షత్రం మనిషి నుదుటి దగ్గర ఆగింది. ఆ ఏడు పండక్కి వచ్చిన వాళ్ళందరూ దానికి తల వంచి మరీ లోపలికి వెళ్ళారు. వంచనివాళ్ళకి బొప్పి కట్టింది. అందులో పాస్టరుగారొకరు.

ఇంతటి ధైర్యశాలి, ఏటేటా రైల్వే పాసు చేతికి రాగానే గోడకున్న ఇండియా మ్యాపు ముందు నిలబడేవాడు. కాలనీలో మిగతావాళ్ళు పాసు తీస్తే సముద్రం కోసం పూరీ, వైద్యం కోసం వెల్లూరు, మొక్కు కోసం వేళాంగణ్ణి వెళ్ళేవాళ్ళు. ఈయన మాత్రం ఎత్తు కోసం వెళ్ళేవాడు. రిటైరైనా ఆ పిచ్చి రిటైర్ కాలేదు.

హైదరాబాదులో చార్మినార్ ఎక్కినప్పుడు రూతు కొంగు చివర పిడికిట్లో బిగించి, కళ్ళు మూసుకుని, ప్రతి మెట్టుకీ "ప్రభువా" అంటూ ఎక్కాడు. మధ్యలో గోడకి భుజం తగిలితే "సారీ భాయ్" అన్నాడు. పైకి చేరాక గోడకి వీపు ఆనించి చతికిలబడ్డాడు.

"రూతూ, ఏటి కనబడతంది?"

"గాజుల దుకాణాలు. జనం సీమల్లాగున్నారు. ఎవరో ఆకుపచ్చ గొడుగేసుకుని ఎల్తన్నారు. అదిగో, ఓ మసీదు మీద పావురాలు లేసినాయి."

"బాగుందా?"

"శానా బాగుంది."

"సరే. ఇంకొంచెంసేపు సూడు. నాకేటి తొందర లేదు" అన్నాడు, రెండు కాళ్ళూ వణుకుతుండగా.

తిరిగొచ్చాక గోల్‌బజార్ టీకొట్టులో ఆ ఆకుపచ్చ గొడుగుతో సహా అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"కళ్ళు మూసుకున్నోడివి ఎలాగ సూసినావురా?" అన్నాడు సిరిల్.

"రూతు సూసింది గదా! ఇద్దరం టిక్కెట్టు తీసుకున్నాం, ఎవులు సూస్తే ఏటి?"

పూరీ లైట్‌హౌస్‌లో మాత్రం పెద్ద గొడవయింది. ఇరుకు మెట్ల మీద ఎదురొచ్చేవాళ్ళకి దారి ఇవ్వబోయి పట్టుకున్న కొంగు వదిలేశాడు. మళ్ళీ తడుముకుని అందిన కొంగు పట్టుకున్నాడు. అది ఒక ఒడియా పెద్దావిడది. ఆవిడ అరిచింది. ఆవిడ కొడుకు అరిచాడు. వాళ్ళిద్దరికంటే గట్టిగా ఎబినేజర్ అరిచాడు, కళ్ళు తెరవకుండానే. రూతు వచ్చిరాని ఒడియాలో పావుగంట క్షమాపణలు చెప్పి, ఆయన్ని విడిపించుకుంది.

"కళ్ళు తెరిసి సూసుకోవచ్చు గదండీ!"

"కళ్ళు తెరిస్తే మెట్లు కనబడతాయే. మూసుకుంటే అన్ని కొంగులూ ఒక్కలాగే ఉంటాయి. నేనేటి సేసేది?"

కాలనీ అంతా నవ్వేది. రూతు కూడా నవ్వేది. కానీ ఆమె లోపల ఇంకొక సంగతి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆ పైకి చేరగానే మొహానికి గాలి కొట్టే క్షణం ఉంటుందే, ఆ క్షణంలో ఆమెకి ప్రాణం లేచొస్తుంది. అక్కడ టీ పెట్టమనేవాళ్ళు ఉండరు. బట్టలు ఆరలేదనేవాళ్ళు ఉండరు. ఊరు మొత్తం కాళ్ళ కింద అరచేతిలో పట్టేంత ఉంటుంది. పిచ్చి ఆయనది, అదృష్టం తనది అనుకునేది. అంతలోనే పక్కన వణుకుతున్న మనిషిని చూసి సిగ్గుపడేది.

పోయిన ఏడు ఒక కోట బురుజు మీద ఆయన నిజంగానే కళ్ళు తిరిగి పడిపోయాడు. హాస్పిటల్లో నర్సుగా చేస్తున్న కూతురు జెనీ ఇంటికొచ్చి బీపీ చూసి, మిషను పక్కన పెట్టి తీర్పు చెప్పింది.

"నాన్నా, ఇంక సాలు. భయమున్నోడు ఇంట్లో కూకోవాల. లేదంటే ఆ పాసు నేను పట్టికెళ్ళిపోతాను."

"నువ్వు సెప్పు రూతూ దానికి!" అన్నాడు ఎబినేజర్.

రూతు చెప్పింది. "అమ్మాయి సెప్పిందే నిజం. ఇంక ఎక్కడాలొద్దు."

ఆ మాట అంటూనే గోడ మీది మ్యాపు వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. ఆయన ప్రాణం కంటే గాలి ఎక్కువా? ఎబినేజర్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. నెల తిరక్కుండా మళ్ళీ మ్యాపు ముందు నిలబడ్డాడు.

"హుగ్లీ ఇమాంబాడా. దగ్గరేనే. పొద్దున్న ఎల్తే సాయంత్రానికి వొచ్చేస్తాం. ఇదే ఆఖరు. ఒట్టు."

హౌరా దాకా ఒక లోకల్, అక్కడి నుంచి ఇంకో లోకల్, ఆపైన టోటో అనే బ్యాటరీ ఆటో. ఇమాంబాడా అంటే నది ఒడ్డున పాతకాలపు షియా ముస్లింల ప్రార్థనామందిరం. ముఖద్వారం మీద పెద్ద గడియారం, దానికి చెరోపక్కా ఒక్కో మీనారు. ఎబినేజర్ తల ఎత్తకుండానే ఎత్తు అంచనా వేసి, అలవాటుగా రూతు కొంగు అందుకున్నాడు. కాపలా మనిషి చెయ్యి అడ్డంపెట్టాడు.

"దాదా ఇటు, దీదీ అటు."

అక్కడి పద్ధతి అది. మగవాళ్ళ మెట్లు ఒక మీనారులో, ఆడవాళ్ళ మెట్లు ఇంకో మీనారులో. ఎబినేజర్ చేతిలో కొంగు, మొహంలో నెత్తురు ఒకేసారి జారిపోయాయి.

"మా ఆవిడ లేకపోతే నేను ఎక్కలేను దాదా" అన్నాడు బెంగాలీలో.

"అయితే ఎక్కకండి" అన్నాడు కాపలా మనిషి.

ఇంత తిన్నని సమాధానం ఇన్నేళ్ళలో ఎవరూ ఆయనకి ఇవ్వలేదు. ఏం చెయ్యాలో తోచక రూతు వైపు చూశాడు.

"పదండి, నది ఒడ్డున కూకుందాం" అంది రూతు.

"నువ్వెక్కు."

"నేనేల? ఎక్కాలని ఉన్నది మీకు. మీరెక్కకపోతే నాకేటి పని పైన?"

ఎబినేజర్ ఆడవాళ్ళ గుమ్మం వైపు చూశాడు, మగవాళ్ళ గుమ్మం వైపు చూశాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

"సరే. నువ్వా పక్క ఎక్కు, నేనీ పక్క ఎక్కుతాను. పైన కలుద్దాం" అని, ఆమె ఏదో అనేలోగా చీకటి గుమ్మంలోకి దూరిపోయాడు. లోపలి నుంచి "ప్రభువా" వినబడింది. కాసేపటికి, ఇంకొంచెం పైనుంచి, మళ్ళీ వినబడింది.

రెండో మలుపులో వెనక్కి వచ్చేస్తాడనుకుంది రూతు. రాలేదు. ఇక కంగారుగా తన వైపు మెట్లెక్కింది. పైకి చేరేసరికి ఆయాసం, ఆ వెంటనే గాలి. కింద వెడల్పాటి నది, దాని మీద పడవలు, దూరంగా వంతెన మీద పాకుతున్న రైలు. ఒక్క క్షణం అన్నీ మర్చిపోయింది. అంతలో గుండె గుభేలుమని ఎదుటి మీనారు వైపు తిరిగింది.

అక్కడ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు ఫొటోలు తీసుకుంటున్నారు. ఉన్నట్టుండి వాళ్ళు పక్కకి తప్పుకున్నారు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి ముందు ఒక చెయ్యి, తర్వాత ఒక బట్టతల, తర్వాత పాకుతూ ఎబినేజర్ బయటికొచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"రూతూ!" అని నది వైపు తిరిగి అరిచాడు.

కుర్రాళ్ళలో ఒకడు ఆయన భుజాలు పట్టుకుని ఇటు తిప్పాడు.

"రూతూ! ఏటి కనబడతంది?"

"మీరు కనబడతన్నారు!" అని అరిచింది రూతు. భయమంతా కోపమైపోయింది. "ఎవులెక్కమన్నారు మిమ్మల్ని? సచ్చిపోదురు గదా! ఏటా పిచ్చి మీకు?"

"నేనెక్కకపోతే నువ్వెక్కవు గదే!"

ఇక ఎబినేజర్ నోరు ఆగలేదు.

"నాకేటి సరదా ఎత్తంటే? ఇన్నేళ్ళూ ఎక్కిన ప్రతిసోటా సచ్చి బతికినాను! పెళ్ళయిన కొత్తలో విశాఖపట్నం లైట్‌హౌస్ కాడ, ఎక్కితే బాగుంటాదేమో అన్నావు నువ్వు. మాయమ్మేటన్నాది? ఆడదానికి ఎక్కడాలేటి, పోయి వంట సూడమన్నాది. నువ్వు తల దించుకున్నావు. ఆ మొహం సూసినాను నేను. అందుకే సెప్పినాను అమ్మకి, ఎక్కాలని నాకే ఉన్నాది, కళ్ళు తిరిగితే పట్టుకోడానికి రూతు కావాలని!"

రూతుకి అంతా కళ్ళకు కట్టింది. ఏటేటా అత్తగారే వంటింట్లోంచి ఆమెని తరిమేది. "ఒలే రూతూ, గిన్నెలు నేను తోముతాను. ఆడు పడిపోతాడే, కూడా ఎల్లు!" అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది.

"అత్తమ్మ పోయినాక నిజం సెప్పొచ్చు గదండీ!"

"సెప్తే ఎల్తావేటి? మీకు భయం గదా, నాకొద్దు అంటావు. నీ నోట్లోంచి 'నాకు కావాల' అన్న మాట నేనెప్పుడన్నా విన్నానా? పోనీ, ఇంక ఎక్కడాలొద్దన్నావు మొన్న. అన్నప్పుడు నీ మొహం సూసుకున్నావా?"

రెండు మీనార్ల మీదా జనం మాటలు ఆపేసి వింటున్నారు. ఎవరికీ తెలుగు రాదు. రూతు పక్కనున్న బెంగాలీ ఆవిడ మోచేత్తో పొడిచి, "మీ ఆయన ఏమంటున్నాడు దీదీ?" అనడిగింది.

"ఏమీ లేదు. కళ్ళు తిరుగుతున్నాయంట" అంది రూతు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే ఆవిడ నమ్మలేదు.

ఎక్కడమైతే ఎక్కాడు గానీ, ఎబినేజర్ దిగలేకపోయాడు. కుర్రాళ్ళు బతిమాలారు. ఆయన గోడని కరుచుకున్నాడు. రూతు గబగబా తన మీనారు దిగి మగవాళ్ళ గుమ్మం వైపు నడిచింది.

"దీదీ, ఇది జెంట్స్‌ది!" అని కాపలా మనిషి అడ్డొచ్చాడు.

"తెలుసు దాదా. నా జెంట్స్ పైనే ఉండిపోయాడు" అంది చక్కటి బెంగాలీలో. అతను నవ్వాపుకుంటూ తప్పుకున్నాడు.

దిగి వచ్చాక ఇద్దరూ నది ఒడ్డున ఝాల్‌మురీ మరమరాల పొట్లాలు పట్టుకుని కూర్చున్నారు. రూతు కాసేపు పడవల్ని చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"వొచ్చే ఏడు బీజాపూర్ గోల్ గుంబజ్‌కి ఎల్దాం. నాకు సూడాలనుంది."

ఎబినేజర్ నములుతున్నది ఆపేశాడు. "ఎవులికి?"

"నాకు. నాకే. మీరు కింద కూకోండి. నేనొక్కర్తినీ ఎక్కి సూసొస్తాను."

ఆయన మొహం చేటంతయింది. కాసేపు ఆలోచించి, "అక్కడేటుంటాది పైన?" అన్నాడు.

"గోడకి దగ్గరగా గుసగుసలాడితే ఆ కొసనున్నోళ్ళకి కూడా వినబడతాదంట."

"అయితే నేనూ ఎక్కుతాను."

"ఏలండీ? ఇప్పుడే గదా బతికి బయటపడినారు!"

"ఇయ్యాల నీతో సెప్పాల్సిన మాట హుగ్లీ అంతా వినేటట్టు అరిసినాను. ఒక్కసారైనా నెమ్మదిగా సెప్పొద్దా?"

రూతు ఆయన వైపు తిరిగింది. "ఏటి సెప్తారు?"

"అది అక్కడే సెప్తాను. ముందు రైలు టిక్కెట్లు సూడు" అని, ఒక్క క్షణం ఆగి, "నాకు కింది బెర్తు" అన్నాడు ఎబినేజర్.