కంపెనీ ఏ దేశానిది?

"ఒక మెసేజ్ పెట్టండి" అని ఎవరైనా అంటే చాలు, మా పెదనాన్న "ఆ యాప్ కంపెనీ ఏ దేశానిది?" అని అడుగుతాడు. జవాబు చెప్పేదాకా జేబులోంచి ఫోన్ తీయడు.

పళ్ళ డాక్టరు దగ్గరా అంతే. "రేపటి టైము మెసేజ్ పెడతాం" అంది నర్సు. పెదనాన్న నోట్లో అద్దం, దూది ఉండగానే "ఏ ఏహం?" అన్నాడు. నొప్పి కాబోలనుకుని డాక్టరు ఇంకో మత్తుసూది పొడిచాడు.

ఆయన కోర్టు రికార్డు గదిలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. మనం చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కేసే నిబంధనలన్నీ ప్రింటు తీయించి, ఎర్ర పెన్సిలు పట్టుకుని చదువుతాడు. ఆయన పోరు పడలేక ఇంటిల్లిపాదీ రెండేళ్ళలో ఐదు యాప్‌లు మారాం. ఐదో దాంట్లో మా అమ్మ పెట్టిన మొదటి మెసేజ్: "బావగారూ, ఇక నావల్ల కాదు."

"రాసింది ఎవరూ చదవలేరంటున్నారుగా పెదనాన్నా, ఇంకేం భయం?" అన్నాను ఒకసారి.

"ఉత్తరం చదవలేరమ్మా. కవరు మీద పేర్లు చూడొచ్చుగా. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి పంపారో కంపెనీ రాసిపెట్టుకుంటే, ఆ దేశపు జడ్జి అడిగినప్పుడు తీసి ఇవ్వాల్సిందే."

"మనం రాసుకునేది 'గీజరు ఆపావా' అని. దాన్ని ఏ జడ్జి అడుగుతాడు?"

"అడిగాడు" అని లేచి వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది, మా మేనత్త. నన్ను పెంచింది ఆమే. నాలుగేళ్ళ క్రితం భర్త తన చెయ్యి విరగ్గొడితే, ప్రాణంలా చూసుకునే కుట్టుమిషను కూడా వదిలేసి వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలియదు. ఏ కిటికీలోంచి మిషను చప్పుడు వినిపించినా నేను ఇప్పటికీ రోడ్డు మీద ఆగిపోతాను. కుడుతున్నది ఇంకెవరో అని తెలిసినా, ఆ గుడ్డ అయ్యేదాకా కదలబుద్ధి కాదు.

మొన్న పెదనాన్న నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"వెళ్ళిన కొత్తలో మీ అత్త నాకు మెసేజులు పెట్టేది. మీ మామయ్య, భార్య తప్పిపోయిందని ఫిర్యాదు ఇచ్చాడు. అప్పటి ఆ యాప్ కంపెనీ ఇక్కడిదే. కోర్టు అడగ్గానే లెక్కంతా ఇచ్చేసింది. నా పేరు, పక్కనే మీ అత్త ఉన్న ఊరు. వారం తిరక్కుండా వాడు దాని గుమ్మంలో ఉన్నాడు. ఆ కాగితాన్ని ఫైల్లో కుట్టింది నేనే. రోజుకు వంద కుట్టేవాళ్ళం. పేరు చూడలేదు."

కాసేపు పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు.

"మళ్ళీ తప్పించుకుంది. వేరే చోటు చూసి పెట్టాను, మిషను కొనిచ్చాను. క్షేమంగానే ఉంది."

"మాకు చెప్పలేదే?"

"తెలిస్తే మీరు దానితో మాట్లాడకుండా ఉండలేరు. అందుకే దారి వెతికాను. ఈ ఐదో కంపెనీ అసలేమీ రాసిపెట్టుకోదు. జడ్జి అడిగినా ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. ఊరి పేరు మాత్రం అడక్కు. అత్తకు రాయి."

రాశాను. నిమిషం గడిచింది. ఆ నిమిషం నాలుగేళ్ళకన్నా పొడుగ్గా ఉంది. ఫోన్ టింగుమంది.

"ఇంకా గోళ్ళు కొరుకుతున్నావా?"

నోట్లోంచి వేలు తీసి, "లేదు" అని రాశాను.