అరచేతిలో ట్రాన్స్‌ఫార్మర్

విదేశంలో, టకానిని అనే ఊరికి వెళ్లే రైల్లో, ఫోన్లో నా తెలుగు విని ఎదురు సీటు పెద్దాయన పలకరించారు. వరంగల్‌లో రేడియోలు రిపేరు చేసేవారట. నా ఒళ్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అడిగి తీసుకున్నారు.

"ఇంట్లోనే ఇన్వర్టర్ చేస్తున్నా అంకుల్. వోల్టులన్నీ సరిపోయాయి," అన్నాను గొప్పగా.

ఆయన లేబుల్ చూడలేదు. అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చూశారు.

"దీంతోని ఏం నడపాలె బిడ్డా?"

"కరెంటు పోతే మా పాప నెబ్యులైజర్, అదే ఆయాసానికి మందు పీల్చే మెషిన్."

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇంత తేలికదాంతోని చిన్న లైటే నడుస్తది. బరువైంది దొరికినా సరే, పిల్ల ఊపిరికి మనం చేసింది వద్దు. కంపెనీది కొను."

ట్రాన్స్‌ఫార్మర్ నా చేతిలో పెట్టి, తన స్టేషన్లో దిగిపోయారు.

కంపెనీదే కొన్నాను. మొన్న గాలివానకు కరెంటు పోయింది. పాప మెషిన్ ఆగలేదు. నేను చేసిన ఇన్వర్టర్‌తో వెలిగిన చిన్న లైటు వెలుతురులో పాప మాస్కు సరిచేశాను.