మంచం పైన స్పీకరు

మిర్యాలగూడలో మా వాకిలికి ఎదురుగా రామనర్సయ్య కాక ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల వసారా. మనిషి మంచివాడే కానీ మహా మొండి. ఎవరన్నా ఒక మంచి మాట చెబితే, అదేదో తనకు ముందే తెలుసన్నట్టు మొహం పెట్టి, సరిగ్గా దానికి ఎదురు పని చేసేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కాక విషయంలో ఒక్కసారి మాత్రం ముందే సడలింది. అదెలా సడలిందో నేను దగ్గరుండి చూశాను.

ఆయన రైసుమిల్లులో బాయిలర్ ఆపరేటర్. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీయే. పొద్దున వచ్చి ఇంత తిని సాయంత్రం దాకా పడుకునేవాడు. పిల్లలు లేరు. భార్య చంద్రమ్మది కోదాడ. ఆమె మాటలో ఆంధ్ర యాస ఉందని కాక ఎప్పుడూ ఆటపట్టించేవాడు. ఆమెకు పాటలంటే ప్రాణం. అందుకే పెళ్లయిన కొత్తలో హైదరాబాద్ పోయి, కోఠిలో ఒక పాత స్టీరియో ఆంప్లిఫయర్ కొనుక్కొచ్చాడు. చెక్క డబ్బా, ముందు స్టీలు పలక, దానికి నాలుగు నాబులు. టేపురికార్డరు కలిపి, ఒక స్పీకరు వంటింటి గుమ్మం మీద, ఇంకొకటి తన మంచం పైన గోడకు బిగించాడు. అంతే, మళ్లీ దాని జోలికి పోలేదు. పెట్టడం, ఆపడం, తుడవడం అన్నీ చంద్రమ్మే చూసుకునేది. తడిగుడ్డతో తుడిచి తుడిచి నాబుల కింది అక్షరాలు కూడా మాపేసింది.

కొన్నాళ్లకు మంచం పైన స్పీకరు మూగబోయింది.

"కాలినట్టుంది. ఆదివారం ఇప్పి సూస్త" అన్నాడట కాక.

"పోనివ్వండి, వంటింట్లో వినపడుతుందిగా. నాకది చాలు" అందట ఆమె.

ఆ ఆదివారం రానేలేదు. 2008 ఎండాకాలంలో చంద్రమ్మ జ్వరంతో దవాఖానలో చేరింది, మళ్లీ ఇంటికి రాలేదు.

కాక మిల్లు మానేశాడు. రాత్రి నిద్ర పట్టదు, పగలు పని లేదు. అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా వండి, మిగిలింది మా బర్రె కుడితిలో పోసిపోయేవాడు. ఆ ఇంట్లోంచి మాటన్నది వినిపించక మాకే బెంగగా ఉండేది. అలాంటిది ఒకనాడు వసారాలో ఆంప్లిఫయర్ విప్పుకుని కూర్చున్నాడు.

"బతికున్నన్ని రోజులు దానికి సగం పాటే ఇనిపించిన బిడ్డా. సంవత్సరీకం నాటికన్న మొత్తం ఇనిపియ్యాలె" అన్నాడు.

పడుచుతనంలో హాలియాలో రేడియో రిపేరు కొంత నేర్చుకున్నాడు. ఆ చదువంతా ఇప్పుడు బయటికి తీశాడు. వసారా నిండా కరిగిన సీసం వాసన. మూగ స్పీకరును తెచ్చి వంటింటి తీగకు తగిలిస్తే చక్కగా మోగింది. అయితే తప్పు డబ్బాలోనే ఉందని పాత కండెన్సర్లు పీకి కొత్తవి వేశాడు. ట్రాన్సిస్టర్లు మార్చాడు. తీగలన్నీ మళ్లీ అతికాడు. ఎన్ని చేసినా మంచం వైపు చప్పుడు రాలేదు.

ముట్టనివి నాబులు మాత్రమే. కదలకుండా నాలుగింటి మీదా దవాఖాన ప్లాస్టర్ అంటించి, గోడ స్విచ్చుతోనే సెట్టు నడిపేవాడు. అదేమిటని అడిగితే మిల్లు కట్టుబాటు చెప్పాడు. అక్కడ ఒక షిఫ్టు మనిషి తిప్పి పెట్టిన వాల్వును, తర్వాత వచ్చినవాడు అతన్ని అడగకుండా ముట్టకూడదు. ముడితే ప్రాణాల మీదికి వస్తుంది.

"ఇవి ఆమె పెట్టిపోయిన కాడ ఉన్నయి. ఎవర్నడిగి తిప్పాలె?" అన్నాడు.

ఆ మాటకు నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పార్టుల కోసం సూర్యాపేటలో యాదగిరి దుకాణానికి పోయివచ్చేవాడు. చివరికి యాదగిరే విసుక్కున్నాడట. "నాబులన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పినవా? లోపల దుమ్ము వట్టినా సప్పుడు రాదు" అన్నాడట. తిప్పనన్నాడు ఈయన. "తిప్పకుంటె ఇగ నాతోని గాదు" అని యాదగిరి చేతులెత్తేశాడు.

సంవత్సరీకం రేపనగా పొద్దున కూర ఇవ్వడానికి వెళ్లాను. ప్లాస్టర్ ఊడదీసి ఉంది. కాక ఒక్కో నాబు పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుంటున్నాడు. ఆమె చెయ్యి ఆఖరుసారి పడిన చోటు చెరిగిపోతుందని ఆయన భయం. క్యాసెట్ నడుస్తోంది. మొదటిది కొంచెం తిప్పాడు, వంటింట్లో పాట పెద్దదైంది. రెండోది తిప్పితే గొంతు మారింది. మూడోది ఒక పక్కకు చివరి దాకా తిప్పి ఉంది. దాన్ని మెల్లగా నడిమికి తెచ్చాడు.

మంచం పైన స్పీకరు పాడింది.

ఏ స్పీకరుకు ఎంత శబ్దం పోవాలో చూసే నాబు అది. "చంకలో పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టయింది కాకా" అని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. డబ్బా మీద ఒక చెయ్యి వేశాడు. ఇంకో చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఒకపారి పాటలతోని నిద్ర పాడైందని మొత్తుకున్న బిడ్డా. రాత్రంత మంట కాడ సచ్చి వస్తె గింత పండుకోనియ్యవా అన్న. తెల్లారి నుంచి అటు సప్పుడు బందయింది. నేను కాలిందనుకున్న. తనే తిప్పిందని అది ఒక్క మాట సెప్పలే."

చంద్రమ్మ మీద నాకు ఆ క్షణాన ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆమె చెప్పి ఉంటే ఏం పోయేది? కానీ చెబితే ఈ మొండి మనిషి ఏం చేసేవాడో ఆమెకు తెలుసు. మూలిగి మూలిగి రెండూ పెట్టుకొమ్మనేవాడు, నిద్ర లేక బాయిలర్ ముందు తూలేవాడు.

సంవత్సరీకం అయిపోయింది. నాబును మళ్లీ గీత దగ్గరకు తిప్పుతాడనుకున్నాను, తిప్పలేదు. ఇప్పుడు పగలంతా రెండు స్పీకర్లూ మోగుతూనే ఉంటాయి. మొన్న మధ్యాహ్నం పోయి చూస్తే మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకుని ఉన్నాడు.

"జర తగ్గించుకోరాదు కాకా? తల మీదనే గింత మోగుతుంటె నిద్రెట్ల పడ్తది?" అన్నాను.

"ఆమె పాటను సగం జేసి పండుకున్న బిడ్డా. ఇగ సాలు నిద్ర" అన్నాడు.