తిండి తీసేసిన లెక్క

మా ఆయన పోయాక బొబ్బిలిలో మా కిరాణా కొట్టు అమ్మేసి, ఆ డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేశాను. నెలనెలా వచ్చే వడ్డీతోనే నా బతుకు. బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ పోగా మిగిలేది కేబుల్ కట్టడానికే సరిపోయేది. టీవీ నేను చూసింది తక్కువ. ఇంట్లో మనిషి గొంతు వినబడాలని పెట్టుకునేదాన్ని.

కందిపప్పు ధర మండిపోయిన ఏడాది డిపాజిట్ గడువు తీరింది. మళ్ళీ వేయడానికి వెళితే, వడ్డీ తగ్గిందని కౌంటర్లో అమ్మాయి చెప్పింది.

"ఎందుకు తగ్గిందే?"

"ధరల పెరుగుదల నెమ్మదించింది మామ్మా. అందుకే ముంబైలో పెద్ద బ్యాంకు వడ్డీ తగ్గించింది."

"నెమ్మదించిందా? ఈమధ్య కందిపప్పు కొన్నావేటే నువ్వు?"

ఆ పిల్ల నవ్వింది. "తిండీ, పెట్రోలూ, గ్యాసూ తీసేసి కూడా లెక్క సూస్తారు మామ్మా. అవి ఓ నెల ఎగురుతాయి, ఓ నెల పడతాయి. మిగతావి సూస్తేనే ధరలు ఎటు పోతన్నాయో తెలుస్తాది."

"తిండి తీసేస్తే నాకింకేటి మిగిలింది?"

"బాగడిగినావు మామ్మా!" అన్నాడు వెనక వరసలో ఎవరో. నేను తిరిగి చూసేసరికి నోరు మూసుకున్నాడు.

డాలరు పెరిగినప్పుడల్లా మా కొట్లో పామాయిల్ పెరిగేది. అందుకని రూపాయి సంగతీ అడిగాను.

"వడ్డీ తగ్గితే బయటి దేశాల సొమ్ము ఇక్కడ నిలవదు మామ్మా. రూపాయి పలచబడొచ్చు."

"అయితే నూనె పెరుగుతాది. అదీ ఆ లెక్కలోకి రాదు."

"రాదు మామ్మా."

పోట్లాడదామనే అనుకున్నాను. కానీ మా ఆయన ఉల్లిపాయల బుట్ట కొట్టు బయట అరుగు మీదే పెట్టేవారు. ఉల్లి డబ్బు గల్లాపెట్టెలో కలపనిచ్చేవారు కాదు, దానికి వేరే డబ్బా. "ఉల్లిని నమ్మితే మతి పోతాది. సబ్బులు, అగ్గిపెట్టెలు ఏటి సెప్తన్నాయో సూడు" అనేవారు. అంచేత ఆ పిల్లది తప్పనలేకపోయాను. ఆయనుంటే ఇంటికెళ్ళి చెప్పేదాన్ని, మీ ఉల్లిబుట్ట ముంబైలో కూడా బయటే ఉందని. ఎవరికి చెప్పను? సంతకం పెట్టి వచ్చేశాను.

ఇంట్లో నా లెక్క వేసుకున్నాను. వాళ్ళు తీసేసినవే నేను తీయలేనివి. నేను తీయగలిగింది కేబుల్ ఒక్కటే.

"టీవీ లేకపోతే తోసుబాటు ఎలాగవుతాది మామ్మా నీకు?" అన్నాడు కేబుల్ అతను, నిచ్చెనెక్కి తీగ విప్పుతూ.

"నీకెందుకురా? సూసుకుని దిగు."

ఆ సాయంత్రం పక్కింటి సీరియల్ గొంతులు గోడలోంచి సన్నగా వచ్చాయి. మాటలు తెలియలేదు. కుర్చీ ఆ గోడవైపు జరుపుకుని, అక్కడే అన్నం తిన్నాను.